అపార్ట్‌మెంట్‌లో ఉంటూ మోడల్ ఇంజిన్ పార్ట్స్ ఇంట్లోనే చేసుకోవాలంటే ఏ లేత్ కొనాలి?

మూడో అంతస్తు ఫ్లాట్, ఖాళీ బాల్కనీ, చిన్న స్టర్లింగ్ ఇంజిన్ (బయట దీపం వేడికి లోపలి గాలి వ్యాకోచించి తిరిగేది) చేయాలని కోరిక, డిజిటల్ రీడౌట్ (టూల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపించేది) ఉన్న లేత్ తీసుకోవాలా లేక ఇంకో ఏడాది ఆగి బుల్లి సీఎన్‌సీకే, అంటే కంప్యూటర్ నడిపే మిషన్‌కే, వెళ్ళిపోవాలా, ఇదీ మీ ప్రశ్న. ఏదో ఒకటి కొనెయ్యండి. వెటకారం కాదు, నిజంగానే అంటున్నా. స్పిండిల్‌లో (జాబ్‌ని తిప్పే ఇరుసులో) ప్లే, అంటే వదులు, లేకుండా, బెడ్ (టూల్ బండి జారే పట్టాలు) మరీ అరిగిపోకుండా ఉంటే చాలు, దాని మీద ఇంజిన్ అవుతుంది. రీడౌట్ లేకపోయినా అవుతుంది. ఎందుకంటే మోడల్ ఇంజిన్ తిరగడానికి డ్రాయింగ్‌లో ఉన్న సైజు కచ్చితంగా రానక్కర్లేదు, పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య గ్యాప్ సరిగ్గా ఉంటే చాలు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళే సీఎన్‌సీ కోసం డబ్బు దాచుకుంటూ కూర్చుంటారు, ఇంజిన్ మాత్రం చెయ్యరు.

నాది టర్నర్ ఉద్యోగం కాదు, ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. ఉండేది హైదరాబాద్ చింతల్‌లో. ఇంటి వెనక రేకుల షెడ్డులో సెకండ్ హ్యాండ్ బెంచ్ లేత్ ఒకటుంది, మూడున్నర అంగుళాల సెంటర్ హైటు, అర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, పేరు పలక ఎప్పుడో ఊడిపోయిన అనాథ మిషన్. అప్పట్లో ఒక కొత్త బైక్ కంటే తక్కువకే వచ్చింది. దాని మీదే రెండు ఆవిరి ఇంజిన్లు (కంప్రెసర్ గాలితో తిప్పుతా, బాయిలర్ జోలికి పోను), ఒక స్టర్లింగ్ ఇంజిన్ చేశా.

మా ఏరియా బాలానగర్ పక్కనే. హెచ్ఎంటీ, ఐడీపీఎల్ వెలసిన చోటు, 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కూడా ఇక్కడే, ఏ సందులోకి వెళ్ళినా లేత్ చప్పుడే. ఇన్ని ఉన్న చోట అడుగు పొడవు కాస్ట్ ఐరన్ రాడ్డు కొనాలంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. ఫుల్ లెంగ్త్ తీసుకుంటేనే మాట్లాడతా అన్నట్టు చూస్తాడు షాపువాడు. ఈఎన్8 (కార్బన్ ఎక్కువున్న ఉక్కు) అడిగితే మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ముక్క కోసిచ్చి "అదే సార్ ఇది" అంటాడు, గ్రైండర్‌కి ఆనించి చూస్తే కదా తెలిసేది, ఈఎన్8లో కార్బన్ 0.4 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి రవ్వలు చివర్లో చీలి విచ్చుకుంటాయి, ఎంఎస్ రవ్వలు పొడుగు గీతల్లా పోతాయి. అది చూపించి మరీ వెనక్కిచ్చినా వాడికి సిగ్గుండదు, మనకే టైం వేస్ట్. చివరికి నాకు కాస్ట్ ఐరన్ దొరికింది ఒక చిన్న ఫౌండ్రీలో, వాళ్ళ పోతలో మిగిలిన కరుగుతో ఇసుకలో పోసిచ్చిన రాడ్డు. ఇలాంటి దాని మీద పైన గట్టి పొర ఉంటుంది, ఇసుక కూడా అంటుకుని ఉంటుంది, మొదటి కట్‌లోనే ఆ పొర కిందకి దిగిపోవాలి, భయపడి పైపైన గీకితే టూల్ ముక్కు అక్కడికక్కడే పోతుంది.

ఇక అసలు సంగతి. స్టర్లింగ్ ఇంజిన్ పవర్ సిలిండర్ బోర్ చేసే (లోపలి కన్నం కోసే) పని దసరాకి పెట్టుకున్నా. ఆయుధ పూజ కదా, లేత్‌కి పసుపూ కుంకుమా బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయ కోసి, మర్నాడు పని మొదలెట్టా. పండక్కి మా మావయ్య వచ్చి ఉన్నారు. ఆయన ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో జీవితమంతా టర్నర్‌గా చేసి రిటైరైన మనిషి, ఇంట్లో నీళ్ళ పంపు కప్లింగ్ చూసినా దాన్ని మైక్ (మైక్రోమీటర్) పెట్టి కొలవాలని చూస్తారు. లేత్ చప్పుడు వినపడగానే టీ గ్లాసుతో షెడ్డులోకి వచ్చి నిలబడ్డారు.

"బోర్ ఎంతరా?"

"ఎంతొస్తే అంత మావయ్యా."

"ఎంతొస్తే అంతేంట్రా? డ్రాయింగ్ లేదూ?"

డ్రాయింగ్ ఉంది. అందులో సిలిండర్ 20 హెచ్7, పిస్టన్ 20 జీ6 అని ఎవరో మహానుభావుడు రాసిపెట్టాడు. దాని అర్థం ఏంటంటే సిలిండర్ 20.000 నుంచి 20.021 మిల్లీమీటర్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, పిస్టన్ 19.980 నుంచి 19.993 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రెండూ కరెక్టుగానే చేశామనుకోండి, గ్యాప్ 7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) రావొచ్చు, 41 మైక్రాన్లూ రావొచ్చు. ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్ రెండిటికీ ఓకే ముద్ర కొడతాడు. 41 మైక్రాన్ల గ్యాప్‌తో నా ఇంజిన్ ఛస్తే తిరగదు, ఎందుకంటే స్పిరిట్ దీపం వేడికి లోపలి గాలి వ్యాకోచించి పుట్టే ఒత్తిడే చాలా తక్కువ, అది ఆ సందులోంచి బయటికి పోతే ఇక ఫ్లైవీల్‌ని తోసేది ఎవరు? నా లెక్కలో ఈ సైజు పిస్టన్‌కి 10 మైక్రాన్లు దాటాయంటే లీకే.

మావయ్యకి ఇది చెప్తే వినలేదు. ముందు టూల్ చూసి మొహం చిట్లించారు. నేను వాడుతున్నది కార్బైడ్ ఇన్సర్టు (అరిగితే మార్చేసే రెడీమేడ్ కోత ముక్క) పెట్టిన బోరింగ్ బార్, ఆన్‌లైన్‌లో కొన్నది. దాన్ని ఊడదీసి పక్కన పెట్టి, నా డబ్బాలో ఉన్న హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) ముక్కని గ్రైండర్ మీద ఆయనే రుద్ది, ముక్కు కొంచెం గుండ్రం చేసి, ఆయిల్ స్టోన్ మీద నాలుగు సార్లు లాగి, బార్‌కి బిగించారు. ఈ పాయింట్‌లో మాత్రం ఆయనకి దండం పెట్టాలి. చిన్న లేత్‌కి అంత బిగువు ఉండదు, అంత పవరూ ఉండదు, కార్బైడ్ ఇన్సర్టు అంచు మొద్దుగా ఉంటుంది కాబట్టి అది కోయాలంటే గట్టిగా నొక్కాలి, నొక్కితే బార్ వంగుతుంది, వంగితే బోర్‌లో అలలు. పదునైన హెచ్ఎస్ఎస్ అంత నొక్కకుండానే కోస్తుంది. ఈ రోజుల్లో ఐటీఐలో రెండేళ్ళు టర్నర్ ట్రేడ్ చదివి వచ్చిన పిల్లలు కూడా మా ఫ్యాక్టరీలో టూల్ రుద్దడం రాదంటారు, ఇన్సర్ట్ బాక్స్ అయిపోతే చేతులు కట్టుకుని నిలబడతారు. మీరు లేత్ కొనడానికి ముందే ఒక బెంచ్ గ్రైండర్ కొని టూల్ రుద్దడం నేర్చుకోండి, మిషన్ బ్రాండ్ గురించి ఆలోచించే టైంలో సగం దీనికి పెట్టినా చాలు.

బోర్ 20.01 దగ్గరికి రాగానే మావయ్య "ఆపెయ్, సైజొచ్చింది" అన్నారు. సైజు వచ్చింది నిజమే గానీ మూతి దగ్గర ఒక కొలత, మధ్యలో ఇంకో కొలత. బెల్ మౌత్ అంటారు, మొదట్లో వెడల్పు, లోపలికి వెళ్ళేకొద్దీ ఇరుకు. డయల్ కదపకుండా, అంటే కోత లోతు మార్చకుండా, అదే సెట్టింగ్‌లో ఇంకో రెండు మూడు స్ప్రింగ్ కట్లు వేశా, కొంచెం సర్దుకుంది. మిగిలింది ల్యాపింగ్‌తో, అంటే సన్నటి పొడితో రుద్ది, తీయాలి. అల్యూమినియం రాడ్డు ఒకటి బోర్‌కి సరిపడా తిప్పి, చివర నిలువునా చీల్చి, లోపల టేపర్ స్క్రూ బిగిస్తే కొద్దికొద్దిగా ఉబ్బుతుంది, అదే ల్యాప్. దాన్ని చక్‌లో (లేత్‌లో పట్టి తిప్పే బిగింపులో) పట్టి తక్కువ స్పీడులో తిప్పుతూ, సిలిండర్‌ని చేత్తో వదులుగా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండాలి, ఒక్కచోట ఆగకూడదు. ల్యాప్ ఎప్పుడూ జాబ్ (మనం చేస్తున్న వస్తువు) కంటే మెత్తటి లోహమై ఉండాలి, అప్పుడే పొడి ల్యాప్‌లో గుచ్చుకుని జాబ్‌ని కోస్తుంది. గ్యారేజీలో వాల్వులకి వాడే గ్రైండింగ్ పేస్టు దీనికి వద్దు, అది మరీ గరుకు, కాస్ట్ ఐరన్‌లో ఇరుక్కుందంటే తర్వాత పిస్టన్‌ని జీవితాంతం తింటూనే ఉంటుంది. నేను సన్నటి అల్యూమినియం ఆక్సైడ్ పొడి నూనెలో కలిపి వాడా, చివర్లో బ్రాసో (ఇత్తడి మెరుగుపెట్టే పాలిష్). మధ్యమధ్యలో కిరోసిన్‌తో కడిగి, చల్లారనిచ్చి కొలవాలి, చేతి వేడికి 10 డిగ్రీలు పెరిగినా 20 మిల్లీల బోర్ 2 మైక్రాన్లు సాగుతుంది, మనం కొట్లాడేదే ఆ మైక్రాన్ల కోసం.

అంతా అయ్యాక బోర్ 20.06 తేలింది. మూతి నుంచి చివరిదాకా ఒకటే కొలత, లోపల అద్దంలా కాదు గానీ బూడిదరంగు మెత్తటి నునుపు. మావయ్య మైక్ చూసి, కళ్ళజోడు తీసి, "ఇది రిజెక్ట్ జాబ్ రా" అన్నారు. ఫ్యాక్టరీలో అయితే నిజంగానే ఎర్ర పెయింట్ పూసి స్క్రాప్ డబ్బాలో పడేసేవాళ్ళట, దాని మీద ఒక కథ కూడా చెప్పారు, ఫోర్‌మన్ ఎవరినో ఎలా తిట్టాడన్నది.

నేను పిస్టన్ తీసుకున్నా. అదే రాడ్డులో ముక్క, అంటే అదీ కాస్ట్ ఐరనే. చాలామంది పిస్టన్ ఇత్తడితో చేస్తారు చూడ్డానికి బాగుంటుందని, అది నాకు నచ్చదు. ఇత్తడి కాస్ట్ ఐరన్ కంటే ఎక్కువ సాగుతుంది, ఇంజిన్ 40 డిగ్రీలు వేడెక్కితే 20 మిల్లీల పిస్టన్‌లో ఆ తేడా 6 మైక్రాన్ల పైనే ఉంటుంది, అంటే చల్లగా ఉన్నప్పుడు 8 మైక్రాన్ల గ్యాప్ ఉన్న ఇంజిన్‌లో వేడెక్కాక 2 మైక్రాన్లు కూడా మిగలవు, బిగుసుకుపోయే దాకా వస్తుంది, వదులుగా చేస్తే మొదట్లోనే తిరగదు. రెండూ కాస్ట్ ఐరన్ అయితే కలిసి సాగుతాయి, పైగా అందులో గ్రాఫైట్ ఉంటుంది కాబట్టి నూనె లేకుండా కూడా జారుతుంది. పిస్టన్‌ని బోర్ కంటే ఒక్క పిసరు లావుగా తిప్పి, ఇత్తడి రింగుని ఒకవైపు చీల్చి స్క్రూతో బిగించి దాంతో బయట ల్యాప్ చేస్తూ వచ్చా. బోర్‌లో పెట్టి చూడ్డం, కడగడం, మళ్ళీ రుద్దడం. సాయంత్రం దాకా అదే పని, లోపల్నుంచి భోజనానికి పిలుపులు వస్తూనే ఉన్నాయి.

చివరికి రెండూ కడిగి పొడిగా తుడిచి, సిలిండర్ నిలబెట్టి పిస్టన్ పైన పెట్టి వదిలా. సొంత బరువుకి జారి కింద అరచేతిలో పడింది. మళ్ళీ పెట్టి ఈసారి కింది కన్నం బొటనవేలితో మూశా. సగంలో ఆగిపోయింది, గాలి మీద కూర్చుంది. వేలు తీశా, జారింది. మూశా, ఆగింది. నూనె చుక్క లేదు.

మావయ్య చేతిలోంచి లాక్కుని ఆయనే చేసి చూశారు. ఆయనే ఇంకోసారి. తర్వాత అత్తయ్యని పిలిచి చూపించారు, ఆవిడ "బానే ఉంది గానీ అన్నం చల్లారిపోతోంది" అని వెళ్ళిపోయింది. అంత అయ్యాక కూడా ఆయన ఒప్పుకున్నారా అంటే లేదు. "ఇది ఈ ఒక్కదానికే పనికొస్తుందిరా అల్లుడూ. రేపు పిస్టన్ అరిగితే స్పేర్ ఎక్కణ్ణుంచి తెస్తావ్?" అన్నారు. "ఇంకోటి దీనికి తగ్గట్టు చేస్తా మావయ్యా" అంటే, "అలా అయితే దేశం నడవదు" అన్నారు. ఈ గొడవ ఇప్పటికీ ఫోన్‌లో నడుస్తోంది.

ఆయన మాట ఆయన ఫ్యాక్టరీకి కరెక్టే. వెయ్యి పిస్టన్లు, వెయ్యి సిలిండర్లు, ఏది దేంట్లో పెట్టినా పట్టాలంటే హెచ్7 కావాలి, సీఎన్‌సీ కావాలి. మనం చేసేది ఒక్కటి. అసలు ఇంజిన్లు మొదలైందే ఇలాగ. జేమ్స్ వాట్ 1769లో పేటెంట్ తీసుకుని సరైన సిలిండర్ లేక ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు, 1770ల మధ్యలో ఇనుప ఫ్యాక్టరీల యజమాని జాన్ విల్కిన్సన్ బోరింగ్ మిషన్ వచ్చాకే ఆయన ఇంజిన్ దారిలో పడింది. అప్పుడు 50 అంగుళాల సిలిండర్‌లో తేడా పాత షిల్లింగ్ నాణెం మందం దాటలేదని వాట్ వ్యాపార భాగస్వామి బౌల్టన్ గొప్పగా రాసుకున్నాడు. నాణెం మందం! దాని మీదే ఇంగ్లండ్ గనుల్లో నీళ్ళు తోడేశారు. వాళ్ళ దగ్గర ఏ రీడౌట్ ఉంది?

మిగతా పార్ట్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డిస్‌ప్లేసర్ (లోపలి గాలిని వేడివైపుకీ చల్లవైపుకీ తోసేది) గోడకి తగలకూడదు, చుట్టూ ఒక మిల్లీమీటర్ దాకా ఖాళీ ఉన్నా పర్లేదు, తేలిగ్గా ఉండాలి అంతే. వేడి తగిలే గొట్టం స్టెయిన్‌లెస్ స్టీల్‌ది పెట్టండి, అది వేడిని చల్లవైపుకి త్వరగా పంపదు. డిస్‌ప్లేసర్ రాడ్డు బుష్‌లో పట్టేసినా ఇంజిన్ తిరగదు, లీకైనా తిరగదు, పిస్టన్ తర్వాత ఓపిక పెట్టాల్సింది అక్కడే. ఫ్లైవీల్‌ని త్రీ జా చక్‌లో (మూడు దవడలూ కలిసి కదిలేది) నమ్మొద్దు, ఫోర్ జాలో (ఒక్కో దవడ విడిగా కదిలేది) డయల్ గేజ్ (ఎంత కదిలిందో ముల్లుతో చూపించేది) పెట్టి సెంటర్ చేయండి. క్రాంక్‌కి 624 నంబరు బాల్ బేరింగ్ వేస్తే అందులో గ్రీజు పెట్రోల్‌తో కడిగేసి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి, ఆ గ్రీజు లాగుడుకే ఇంత చిన్న ఇంజిన్ ఆగిపోతుంది. నాది ఇప్పుడు దీపం పెట్టి కాసేపయ్యాక వేలితో తోస్తే అందుకుని తిరుగుతుంది, స్పిరిట్ అయిపోయేదాకా ఆగదు.

బాల్కనీ సంగతికొస్తే, అర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారుకి మామూలు 15 ఆంప్స్ సాకెట్ చాలు, బరువైన టేబుల్‌కి బోల్టులు వేసి కింద రబ్బరు షీట్లు పెడితే చప్పుడు కింద ఫ్లాట్‌కి అంతగా దిగదు. కానీ కాస్ట్ ఐరన్ పొడి నల్లగా మసిలా ఎగురుతుంది, కింది అంతస్తువాళ్ళు బట్టలు ఆరేసే టైంలో ఆ పని పెట్టుకోకండి, బెడ్ మీద పేపరు కప్పుకోండి, మాస్క్ పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ మిషన్ చూడ్డానికి వెళ్తే డయల్ గేజ్, మాగ్నెటిక్ స్టాండ్ జేబులో పెట్టుకెళ్ళండి. స్పిండిల్ ముక్కుకి డయల్ ఆనించి, చక్‌లో పొడుగు రాడ్డు పట్టి పైకి ఎత్తి చూడండి, ముల్లు కదిలి మళ్ళీ అదే చోటికి వస్తే రాడ్డు, మిషన్ కాస్త వంగాయంతే, తిరిగి రాకపోతే బేరింగ్‌లో ప్లే ఉన్నట్టు. తర్వాత క్యారేజీ (టూల్‌ని మోసే బండి) లాక్ కొంచెం బిగించి హెడ్ స్టాక్ (చక్ ఉన్న చివర) దగ్గర్నుంచి టెయిల్ స్టాక్ (అవతలి చివర) దాకా నడపండి, ఒక చివర వదులుగా ఇంకో చివర బిగుతుగా ఉంటే బెడ్ చక్ దగ్గర అరిగిపోయింది, ధర తగ్గించమనండి. డయల్ పెట్టనివ్వను అనేవాడి దగ్గర కొనకండి.