గానుగెద్దును చూశావా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తెల్లారకముందే కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, రాత్రికెప్పుడో ఇల్లు చేరే ఆ గుమాస్తా నాకు బాగా నచ్చాడు. అతనిది ‘గానుగెద్దు బతుకు’ అన్నావు. అక్కడ ఆగిపోయాను. నువ్వెప్పుడైనా గానుగ ఆడటం చూశావా?

చిన్నప్పుడు మా ఊళ్లో చూశాను. పెద్ద రోలు, అందులో ఏటవాలుగా రోకలి, దానికి కట్టిన దూలం మీద బరువుకు రాళ్లు. ఎద్దు కళ్లకు గంతలు కట్టేవాళ్లు, కళ్లు తిరగకుండా నడుస్తూనే ఉండాలని. రోకలి కిర్రుమంటుంటే నువ్వులు నలిగి నూనె ఊరేది, తెలకపిండి రోలు గోడకు అట్టకట్టేది. (నూనె అన్న మాటలోనే నువ్వులున్నాయి: నువ్వు, నెయ్యి కలిస్తేనే నూనె.) ఎద్దు నడిచినంత మేరా నేల గుండ్రంగా గాడి పడిపోయింది. పొద్దుగూకేదాకా నడిచినా అది పొద్దున నిలబడ్డచోటే ఉండేది. ఈ నుడికారం పుట్టింది ఆ గాడిలోనే.

హిందీవాళ్లు ‘కోల్హూ కా బైల్’ అంటారు, తమిళులు ‘చెక్కు మాడు’ అంటారు. అండమాన్‌లో 1906లో కట్టడం పూర్తయిన సెల్యులార్ జైల్లో ఎద్దుకు బదులు ఖైదీలనే గానుగకు కట్టి, రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయమన్నారు. అది తెలిశాక ఈ మాట రాయాలంటే నా చెయ్యి కాస్త ఆగుతుంది.

నీ గుమాస్తాకు ఆ మాట సరిపోతుంది. రోజూ అదే దారి, అతని చాకిరీతో నూనె వస్తుంది, అది వేరేవాళ్ల కుండలో పడుతుంది. కానీ పాస్ పుస్తకం కోసం ‘గానుగెద్దులా’ ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగాడని వాళ్ల నాన్న గురించి కూడా రాశావు. అది అతకలేదు. అక్కడ చుక్క నూనె రాలేదు కదా! అలాంటి తిరుగుడుకు మనవాళ్లు ‘చెప్పులరిగేలా తిరిగాడు’ అంటారు. ఆయన చెప్పు మడమ దగ్గర ఎంత అరిగిందో, ఉంగటం ఎన్నిసార్లు కుట్టించాడో చూపించు.

గుమాస్తా సంగతీ అంతే. రోజూ అదే పెట్టె ఎక్కేవాడికి ఏ కిటికీ మూసుకోదో తెలుస్తుంది, ఎదుటి సీటాయన ఏ స్టేషన్ దాటాక కునుకు తీస్తాడో తెలుస్తుంది. అవి రాశాక గానుగెద్దు అవసరమా కాదా, నువ్వే చూడు. తిరగరాసి దసరాలోపు పంపు, ఎదురుచూస్తుంటాను.