పద్య నాటకం వేస్తూ పగలు పద్యాలు నేర్పే నటి గొంతు ఎలా కాపాడుకోవాలి?

చంద్రమతి వేషం వేస్తున్నాను, పగలు పిల్లలకు పద్యాలు నేర్పుతున్నాను, కాటి సీనుకు వచ్చేసరికి గొంతు బొంగురుపోతోంది, ఏం తినాలి అని అడిగారు. తిండి సంగతి తర్వాత. ముందు మీ హార్మోనిస్టుతో కూర్చోండి.

హరిశ్చంద్రుడు ఒకటి శ్రుతిలో, అంటే హార్మోనియం మీద C మెట్టును ఆధారంగా పట్టి పాడితే చాలాసార్లు మీ పద్యాలకూ అదే పట్టేస్తారు. ఆడవాళ్లలో ఎక్కువమందికి హాయిగా ఉండేది ఐదు (G), ఐదున్నర (G#). ఐదు మీదైతే, ఒకటికి వచ్చేసరికి మీ షడ్జమం (స) తెల్లవీ నల్లవీ కలిపి 5 మెట్లు పైకి పోతుంది. ఆ శ్రుతిలో తార గాంధారం (పై స్థాయి గ) పట్టడమంటే మీ శ్రుతిలో తార ధైవతం (పై స్థాయి ద) పట్టడమే. ఏ కషాయమూ దీన్ని సరిచేయలేదు. మందు హార్మోనియం మీదే ఉంది: హరిశ్చంద్రుడి పంచమమే (ప) మీ షడ్జమం. మీ పద్యం రాగానే పంచమాన్ని షడ్జమంగా పట్టమనండి, వినేవాళ్లకు చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. ఇద్దరూ పద్యాలు అందుకునే చోట శ్రుతి మార్చడం కుదరకపోతే రాగం కురచ చేసుకోండి. వన్స్ మోర్ అంటే మాత్రం మీ శ్రుతిలోనే.

కాటి సీనులో రెండో గండం ఏడుపు. గొంతు బిగించి అచ్చుతో పద్యం ఎత్తుకుంటే స్వరతంత్రులు (గొంతులో శబ్దం పుట్టించే పొరలు) గట్టిగా కొట్టుకుంటాయి. ఒకటి శ్రుతి తార షడ్జమం దగ్గర అవి సెకనుకు 500 సార్లకు పైగా తగులుకుంటాయి. కాబట్టి వినీవినపడని ‘హ’తో ఎత్తుకోండి. వెక్కిళ్లు మాటల విరుపుల్లో పెట్టండి, సాగే రాగం మీద వద్దు. యతిస్థానం ఉత్పలమాలలో 10వ అక్షరం, మత్తేభంలో 14వది. దానికి దగ్గరలో మాట ఎక్కడ పూర్తవుతుందో చూసి, ఊపిరి గుర్తు పుస్తకంలో పెన్సిలుతో పెట్టుకోండి. గుర్తు లేకపోతే చివరి పాదానికి గాలి చాలదు, అప్పుడే గొంతు పిండుతారు.

మీ గొంతు సాయంత్రానికే అలిసిపోవడానికి కారణం పాఠాలు కూడా. పద్యం ఒక్కసారి పాడి చూపించండి. తర్వాత వరస హార్మోనియం మీద వాయించి పిల్లలచేత అనిపించండి. వాళ్లతో కలిసి పాడకండి, ఫ్యాను హోరు మీద అరవకండి. గంటలో పది నిమిషాలు మౌనం. నాటకం రోజు క్లాసు వద్దు. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి అనుకుంటారు, చాలామందిలో అదీ గొంతును బిగిస్తుంది.

మేకప్‌కు ముందు ఇది చేయండి. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా అంగుళం లోతు ముంచి, ‘ఊ’ అంటూ బుడగలు తెప్పిస్తూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి గొంతు జార్చండి. ఐదు నిమిషాలు చాలు. స్ట్రాలోంచి వెనక్కి తన్నే ఒత్తిడి వల్ల తంత్రులు మెత్తగా తగులుకుంటాయి. మధ్యలో ముక్కు మూసి చూడండి: శబ్దం మారితే గాలి ముక్కులోంచి పోతున్నట్టే, ఫలితం ఉండదు. నాటకం అయ్యాక కూడా రెండు నిమిషాలు చేయండి.

ఇక తిండి. కరక్కాయ, అతిమధురం మింగితే అన్నవాహికలోకి పోతాయి, తంత్రులుండేది గాలి గొట్టం మొదట్లో. ఊరే లాలాజలం హాయినిస్తుంది, అంతే. అతిమధురం రోజూ వాడితే బీపీ పెరుగుతుంది. తంత్రులను నేరుగా తాకేది ఆవిరే, ఉత్త వేడినీళ్ల ఆవిరి. తాగిన నీళ్లు పనిచేయడానికి గంటలు పడుతుంది కనుక పొద్దుటి నుంచే తాగాలి. అర్ధరాత్రి నాటకం అయ్యాక కడుపునిండా తిని వెంటనే పడుకుంటే పుల్లటి త్రేన్పు గొంతుదాకా వచ్చి పొద్దున్నే గరగర మొదలవుతుంది. కొంచెం తిని, తల వైపు మంచం ఎత్తు చేసుకోండి.

బొంగురు మూడు వారాలకు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుతో స్ట్రోబోస్కోపీ (తంత్రుల కదలికను నెమ్మదిగా చూపించే పరీక్ష) చేయించుకోండి. తంత్రుల మీద కాయలు (గట్టిపడిన చిన్న బొడిపెలు) ఉన్నా చాలావరకు మొదట వాయిస్ థెరపీయే ఇస్తారు, ఆపరేషన్ తర్వాతి మాట. పాడుతుండగా గొంతు ఉన్నట్టుండి పూర్తిగా పోతే మాత్రం తంత్రిలో రక్తం చిమ్మి ఉండొచ్చు. ఆ పద్యం అక్కడే ఆపేయండి, నొప్పి మాత్ర వేసుకుని మిగతా సీను లాగకండి.