ఉత్తరాలు దాచుకునే అమ్మాయికి

గుంటూరు, బ్రాడీపేట.

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. తాతగారి ట్రంకుపెట్టె నిండా ఇన్‌లాండ్ లెటర్లు, నీ ఫోన్ నిండా వాట్సాప్ సంభాషణలు, అట్టపెట్టెలో నాన్నగారు డీటీపీ (కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు కట్టడం) చేయించిన కథల సీడీలు. ఏదీ పారెయ్యడానికి చేతులు రావట్లేదని, ఇదేమైనా జబ్బేమోనని అడిగావు. జబ్బు కాదు. రాసేవాళ్లకి ఆ యావ ఉండటమే మంచిది. కాకపోతే అన్నీ కట్టగట్టి ఒక మూల పడేస్తే దాచినట్టు కాదు. నువ్వు ఊళ్లో లేని రోజున ఇంకొకరు ఆ పెట్టె తెరిచి, ఇది ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో చూసి చెప్పగలిగితేనే దాచినట్టు.

మీ బెజవాడలో ఉండి రాసిన చలం 1950లో అరుణాచలం వెళ్లిపోయారు. ఆయన తన స్నేహితుడు, రచయిత చింతా దీక్షితులు గారికి రాసిన ఉత్తరాలు ఇవాళ పుస్తకంగా మన చేతికొచ్చాయంటే, అందుకున్నవాళ్లు వాటిని జాగ్రత్త చెయ్యబట్టే. మనం రాసిన ఉత్తరం మన దగ్గర మిగలదు. తాతగారి పెట్టెలో ఉన్నది సగం సంభాషణే, రెండో సగం ఆయన స్నేహితుల ఇళ్లలో ఉంటుంది. ఆ ఇళ్లవాళ్లని ఇప్పుడే అడుగు. నేను చూసినంతలో మన ఊళ్లలో పాత కాగితాలు చెదల వల్ల పోయినదానికంటే, ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చి సామాను సర్దే వారంలో పోయేదే ఎక్కువ. ఇక నీ సంగతి: చేత్తో ఏది రాసినా పోస్టు చేసేముందు అన్ని వైపులా ఫొటో తీసి పెట్టుకో.

పెట్టె విప్పడానికి సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందు మంచి కాలం. గాలిలో తేమ తక్కువగా ఉంటుంది. కింద న్యూస్‌పేపర్ పరవకు, దాని సిరా అంటుకుంటుంది. ఉతికిన తెల్ల దుప్పటి పరుచు. ఏ కట్టా విప్పకముందే పెట్టె ఉన్నదున్నట్టు ఫొటో తియ్యి. తాతగారు ఒక వరసలో పెట్టారంటే దానికి కారణం ఉండే ఉంటుంది, చెదిరాక అది మళ్లీ తెలియదు.

తర్వాత ఇనుము తియ్యాలి. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు, జెమ్ క్లిప్పులు మన తేమకి తుప్పుపడతాయి. ముందు పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ వస్తుంది, ఆ తర్వాత అక్కడే కాగితం పొడిపొడిగా రాలుతుంది. అలాంటి పిన్నుని పట్టుకుని లాగితే అక్షరాలతో సహా ఊడొస్తుంది. పిన్ను కాళ్లు ముడుచుకున్న వైపు పైకి పెట్టు. పాత ఎక్స్‌రే ఫిల్మ్ లోంచి వేలెడంత ముక్క కోసి, పిన్నుకీ కాగితానికీ మధ్య నెమ్మదిగా దూర్చు. ఫిల్మ్ మీద ఆనించి, మొద్దు చాకు కొనతో ఒక్కో కాలు నిటారుగా లేపు. కాగితం తిరగేసి, అవతలి వైపు కూడా ఫిల్మ్ దూర్చి పిన్ను వీపు పైకెత్తితే దానంతటదే జారి వస్తుంది. రబ్బరు బ్యాండ్లలో ఎండి పెళుసెక్కినవి గోటితో రాలిపోతాయి. కరిగి జిగురైనవాటిని మాత్రం గీకొద్దు, ఉన్నచోట వదిలెయ్యి. కట్టలు కట్టడానికి ఇక నూలు నాడా వాడు, వదులుగా.

ఇన్‌లాండ్ లెటరు మడతల దగ్గరే చిరుగుతుంది. విప్పి, పైనా కిందా తెల్ల కాగితం పెట్టి, బరువైన పుస్తకం కింద రెండు రోజులు ఉంచితే చదునవుతుంది. ఇస్త్రీపెట్టె దగ్గరికి రానివ్వకు. చిరిగినచోట సెల్లోటేపు వెయ్యడం అన్నిటికంటే చెడ్డ పని. కొన్నేళ్లకి ప్లాస్టిక్ ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి దిగి పసుపు మచ్చగా ఉండిపోతుంది. లామినేషన్ కూడా అంతే, వేడితో అతికించిన ప్లాస్టిక్‌ని మళ్లీ విప్పలేం. ముక్కలైన ఉత్తరాన్ని మడిచిన తెల్ల కాగితంలో ఒకచోట పెట్టి, పైన పెన్సిల్‌తో "మూడు ముక్కలు" అని రాస్తే చాలు. ఉత్తరం మీద ఏదైనా రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో, వెనక మూలన. బాల్‌పెన్ వద్దు.

తేదీల దగ్గర కొంచెం ఓపిక కావాలి. లోపల "శుక్రవారం, మధ్యాహ్నం" అని మాత్రమే ఉంటుంది. ఏడాది చెప్పేది తపాలా ముద్ర, అందుకే చిరునామా వైపు కూడా ఉత్తరంలో భాగమే. ముద్ర అలుక్కుపోతే చిరునామాలో పిన్‌కోడ్ ఉందేమో చూడు. పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది, కాబట్టి అది ఉంటే ఉత్తరం ఆ తర్వాతదే. లేనంత మాత్రాన ముందుదని అనుకోకు, చాలామంది ఆ తర్వాత కూడా పిన్‌కోడ్ రాయలేదు. పెద్దవాళ్లు తెలుగు సంవత్సరం పేరు వేసి ఉంటే ఇంకా మేలు. "ఆనంద నామ సంవత్సరం" అంటే 1974-75, లేదా దానికి అరవై ఏళ్ల ముందు 1914-15. ఈ రెండిట్లో ఏదో తపాలా బిళ్ల మీది ధరే చెబుతుంది. ఊహించి వేసిన తేదీ పక్కన ప్రశ్నార్థకం పెట్టు. నీ ఊహ తర్వాతివాళ్లకి రుజువై కూర్చోకూడదు.

ఎక్కడ పెట్టాలంటే, అటక మీద వద్దు. మే నెలలో శ్లాబు కింద అటక పొయ్యిలా ఉంటుంది, ఆ వేడికి కాగితం పెళుసెక్కుతుంది. నేల మీదా వద్దు. వాన కొట్టే గోడకీ బాత్‌రూమ్ గోడకీ ఆనని ఇనప బీరువాలో మధ్య అర మంచిది. బీరువాకీ గోడకీ మధ్య నాలుగు అంగుళాలు వదిలితే చెదల మట్టిగీత గోడ మీదే కంటపడుతుంది, నెలకోసారి టార్చి వేసి చూడు. కలరా ఉండలు చెదల్ని ఆపవు, పైగా ఆ వాసన పీల్చడం మంచిది కాదు. తడి గరిటె పెడితే ఆవకాయ జాడీ అంతా బూజుపట్టినట్టు, తేమ తగిలిన ఒక్క ఉత్తరం కట్టంతటికీ చాలు. అందుకే రంగు మారే రకం సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడల్లా కొత్తవి పెట్టు. వానాకాలంలో ఎండ కాసిన రోజు బీరువా తలుపులు గంటసేపు తీసి ఉంచు.

2024 సెప్టెంబర్ 1న మీ ఊళ్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉండటం నీకు తెలుసు. నీ పెట్టె కింది అంతస్తులో ఉంటే ఈ వారమే పైకి చేర్చు. ఒకవేళ కాగితం తడిస్తే చేతిలో ఉండేది దాదాపు 48 గంటలే, ఆ తర్వాత బూజు మొదలవుతుంది. ఉన్నవాటిని ఫ్యాను గాలికి విడివిడిగా పరిచి ఆరబెట్టు. ఎండలో పెడితే ముడుచుకుంటాయి, రంగు పోతుంది. మరీ ఎక్కువ ఉండి అన్నీ పరవలేకపోతే, అతుక్కున్న ఉత్తరాల్ని ఊడదీయకుండా చిన్న కట్టలుగా, మధ్య బటర్ పేపర్ పెట్టి, ప్లాస్టిక్ కవర్లలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టు. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు, తీరిక దొరికాక కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. ఫౌంటెన్ పెన్ రాతలు అప్పటికే కారిపోయి ఉంటాయనుకో. స్కానింగ్ ముందే చేసి పెట్టుకోమనేది అందుకే.

స్కాన్ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతలో), సన్నటి రాత ఉన్న కార్డులు 600లో, అన్నీ కలర్‌లోనే. ఫోన్ స్కానర్ యాప్‌లు కాగితాన్ని తెల్లగా మెరిపించే ఫిల్టర్ వేస్తాయి. ఆ మెరుపులో పెన్సిల్ గీతలు, వెలిసిపోయిన ముద్రలు మాయమవుతాయి, ఫిల్టర్ తీసెయ్యి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆపైన పంపినవాళ్ల పేరు: 1981-03-14-పెద్దమామయ్య-1. ఇలా పెడితే కంప్యూటరే కాలక్రమంలో పేర్చేస్తుంది.

సీడీల సంగతి వేరు, వాటికి తొందర ఎక్కువ. రాసిన సీడీలో అక్షరాన్ని పట్టి ఉంచేది పలచటి రంగు పూత. వేడికీ వెలుతురుకీ అది వెలిసిపోతుంది. నాన్నగారి కథలు ఆ రోజుల్లో అందరిలాగే పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో చేయించి ఉంటారు. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఇవాళ ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదివే అక్షరాల పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టినవి. ఫాంటు లేని కంప్యూటర్‌లో కథ తెరిస్తే తలాతోకా లేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి, జనం ఫైలు పాడైందనుకుని చెరిపేస్తారు. పాడవలేదు, చదివే తాళంచెవి లేదంతే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 కూడా 2001 నాటిది, అది నడిచే కంప్యూటర్లు ఏటా తగ్గుతున్నాయి.

కాబట్టి సీడీలో ఉన్నదంతా, ఫాంట్ల ఫోల్డర్‌తో సహా, ముందు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చెయ్యి. ఒక డ్రైవులో చదవకపోతే ఇంకో డ్రైవులో పెట్టి చూడు, ఒక్కోసారి అదే చదువుతుంది. పాత సిస్టమ్ ఇంకా ఉంచుకున్న డీటీపీ సెంటర్‌కి తీసుకెళ్లి, ఫైళ్లు తెరిపించి, ఫాంట్లు లోపలే ఇమిడేలా పీడీఎఫ్ చేయించు. పేజీ రూపం అక్కడితో భద్రం. తర్వాత మ్యాటర్‌ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ప్రూఫ్ చూడు. తప్పులు ఎక్కువగా వత్తుల దగ్గర, సున్నల దగ్గర వస్తాయి. తెలుగు మధ్యలో వచ్చిన ఇంగ్లిష్ మాటల్ని, అంకెల్ని కన్వర్టర్ తెలుగే అనుకుని అర్థం లేని గుణింతాలుగా మార్చేస్తుంది, అవి ఒక్కొక్కటీ చేత్తో దిద్దాల్సిందే. దిద్దిన కథని యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాల్ని దాచే పద్ధతి) సాదా టెక్స్ట్‌గా సేవ్ చెయ్యి. పాత ఫైలు, పీడీఎఫ్, టెక్స్ట్, మూడూ ఉంచు.

వాట్సాప్‌కి బ్యాకప్ ఉందిగా అంటావేమో. ఆ బ్యాకప్ వాట్సాప్‌కే అర్థమవుతుంది, నీ నంబరు పోతే అదీ పోయినట్టే. ముఖ్యమైన సంభాషణ తెరిచి ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కితే సాదా టెక్స్ట్ ఫైలు వస్తుంది. ఫొటోలతో కలిపి తీస్తే చివరి 10,000 మెసేజ్‌ల దాకా, అవి లేకుండా తీస్తే 40,000 దాకా వస్తాయి. పాత సంభాషణ అంతకు మించకముందే ఆరు నెలలకోసారి తీస్తూ ఉండు. తేదీల్లో రోజు ముందా నెల ముందా అన్నది ఫోన్ సెట్టింగ్‌ని బట్టి మారుతుంది, ఫైలు మొదట్లో అది రాసి పెట్టు. మేనత్త వాయిస్ మెసేజ్‌లు ఉంటే, ఒక్కోదానికి ఆవిడ దేని గురించి మాట్లాడారో ఒక వాక్యం రాయి. పేరులేని రెండొందల ఆడియోలు ఎవరూ వినరు. గుడ్‌మార్నింగులు, ఫార్వర్డ్‌లు తీసెయ్యి, ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదు.

జీమెయిల్‌ని గూగుల్ టేక్అవుట్ (మన డేటా దించుకోవడానికి గూగుల్ ఇచ్చే సేవ) నుంచి దించుకుంటే మెయిళ్లన్నీ ఉన్న ఎంబాక్స్ ఫైలు వస్తుంది, మెయిళ్లు చదివే థండర్‌బర్డ్ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుంది. రెండేళ్లు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాల్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తొలగిస్తోంది. పాత ఖాతాలు ఉంటే ఇవాళే లాగిన్ అవ్వు. సెట్టింగ్‌లలో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంటుంది, నువ్వు కనపడకపోతే ఏవి ఎవరికి అందాలో అందులో చెప్పొచ్చు. ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబర్‌లో. ముందే చెప్పారు, అయినా అక్కడ తెలుగువాళ్లు రాసుకున్న చర్చలు ఎన్నో దించుకోకుండానే పోయాయి.

నీ కథల చిత్తుప్రతులు గూగుల్ డాక్స్‌లో ఉన్నాయన్నావు. అందులో పాత వెర్షన్లు కొన్నాళ్లకి ఒకదాంట్లో ఒకటి కలిసిపోవచ్చు. పెద్ద మార్పు చేసినప్పుడల్లా తేదీ వేసి వేరే కాపీ చేసుకో. ఎడిటర్‌కి పంపినదీ అచ్చయినదీ పక్కపక్కనే పెట్టు. ఏ వాక్యం కొట్టేశావో, ఏది ఎడిటర్ కొట్టేశారో చూసుకుంటే నీ చెయ్యి నీకు తెలుస్తుంది. రాసేవాళ్లకి ఇన్ని దాచుకున్నందుకు దొరికే అసలు లాభం అదే అని నా నమ్మకం.

మొత్తానికి మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్లో. హార్డ్ డిస్క్ ఒకటి నీ దగ్గర, ఇంకోటి గుంటూరులో పిన్నిగారింట్లో, మూడోది క్లౌడ్‌లో. పెన్‌డ్రైవ్‌ని నమ్ముకోకు, వాడకుండా ఏళ్ల తరబడి పడేస్తే అందులోది పోవచ్చు. సింక్‌ని (ఫోన్‌లోది దానంతటదే క్లౌడ్‌లోకి చేరే ఏర్పాటుని) కాపీ అనుకోవద్దు, ఫోన్‌లో చెరిపితే అక్కడా చెరుగుతుంది. ఉగాదికి ప్రతి కాపీలో ఓ పది ఫైళ్లు తెరిచి చదివి చూడు. పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టు.

ఇంకొకటి. ఉత్తరం కాగితం నీది, అందులో మాటలు రాసినవాళ్లవి. మన చట్టం ప్రకారం రాసినవాళ్లు పోయాక కూడా కాపీరైట్ వాళ్ల వారసులదే. నీ కథలోకో ఫేస్‌బుక్‌లోకో ఎత్తి పెట్టేముందు అడగాలి. నమ్మి చెప్పుకున్న కష్టాలు, అప్పులు, జబ్బులు ఉన్న ఉత్తరాల్ని వేరే కవర్లో పెట్టి, ఎవరు ఎప్పుడు చూడొచ్చో పైన రాయి. బతికున్నవాళ్లు తిరిగి అడిగితే ఇచ్చెయ్యి. కాపీ ఉంచుకోవచ్చా అని మొహమాటపడకుండా అడుగు, వద్దంటే ఉంచుకోకు.

ముందు సీడీలు చూడు. ట్రంకుపెట్టె సంక్రాంతి దాకా ఆగుతుంది, అవి ఇంకో ఎండాకాలం ఆగకపోవచ్చు. లాప్‌టాప్‌కి డ్రైవు లేకపోతే యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవు తెచ్చుకో. కాపీ అవుతున్నప్పుడు ఏ సీడీ ఏ ఫైలు దగ్గర ఆగిందో ఒక కాగితం మీద రాసుకుని, ఆ జాబితా నాకు పంపు.

ఆశీస్సులతో.