టీవీలోకి నీళ్లు దిగిన దారి

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా రాత్రి మళ్లీ ఆలోచించాను. వాన వెలిసిన రెండో రోజున సెట్‌టాప్ బాక్స్ ఆగిపోవడం, వెనకాల డిష్ వైరు విప్పితే పిన్నులోంచి నాలుగు చుక్కలు రాలడం, గోడ చూస్తే ఎండుగా ఉండటం, పైకప్పు ఎక్కడా ఉరవకపోవడం. "మరి నీళ్లెక్కడివి పెదనాన్నా?" అన్నావు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా "ఒక్కసారి పెట్టి చూద్దాం" అని బాక్సుకు గానీ టీవీకి గానీ కరెంటు ఇవ్వకు. తడిసినంత మాత్రాన వస్తువు చావదు. తడి మీద కరెంటు పారినప్పుడు చస్తుంది. రిమోట్‌తో ఆపితే ఆగినట్టు కాదు, ఎర్ర లైటు వెలుగుతోందంటే లోపల కరెంటు తిరుగుతున్నట్టే. గోడ సాకెట్ దగ్గర కూడా తడి ఉంటే దాన్ని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపు, తర్వాత పొడి చేతులతో ప్లగ్గు పీకు. బాక్సుకీ టీవీకీ మధ్య ఉన్న హెచ్‌డీఎంఐ వైరు కూడా తీసెయ్యి. డిష్ నుంచి వచ్చిన వైరు చివరను ఒక ఖాళీ సీసాలో దూర్చి కింద పెట్టు. ఇంకో రోజంతా అందులోంచి చుక్కలు పడినా ఆశ్చర్యపోకు.

ఇప్పుడు దారి సంగతి. ఆ నల్ల వైరును అడ్డంగా కోసి చూశావా ఎప్పుడైనా? నడిమధ్య ఒక తీగ, దాని చుట్టూ తెల్లటి నురగలాంటి ప్లాస్టిక్, దాని మీద పల్చటి రేకు, రేకు మీద సన్నసన్నటి తీగల అల్లిక, అన్నిటి మీదా తొడుగు. అసలు దొంగ ఆ అల్లికే. పైన డిష్ దగ్గర కనెక్టర్ వదులైనా, ఎండకు తొడుగు పగిలినా, ఎవరో కొట్టిన మేకు గీరుకున్నా అక్కడ నీరు చేరుతుంది. దీపంలో వత్తి నూనెను పీల్చినట్టు అల్లిక ఆ నీటిని పీల్చుకుంటుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ తోయక్కర్లేదు. నీరు పల్లమెరుగు అన్నారు కదా, ఆ పల్లం నీ టీవీ వెనకాల ఉంది. డాబా మీద నుంచి నీ గదిదాకా ఆ వైరు ఒక సన్న గొట్టం అయిపోయింది. మెల్లగా దిగుతుంది కాబట్టే వాన పడ్డ రోజున కాకుండా రెండో రోజున నీ బాక్సు పోయింది.

నువ్వు మాటల్లో మాటగా ఇంకొకటి అన్నావు, నెల రోజులుగా కొన్ని ఛానళ్లు రావడం లేదని. అది అప్పుడే చెప్పుంటే ఈ ఉత్తరం అవసరం ఉండేది కాదు! డిష్ ముందు ఉండే, సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పరికరానికి కరెంటు వేరే వైరులో వెళ్లదు. నీ బాక్సే అదే వైరులో పైకి పంపుతుంది. 13 వోల్టులు పంపితే నిలువు తరంగాల ఛానళ్లు, 18 వోల్టులు పంపితే అడ్డం తరంగాల ఛానళ్లు వస్తాయి. తడిసిన రాగి మీద రోజూ ఈ వోల్టేజీ పారుతుంటే రాగి కొరుక్కుపోయి ఆకుపచ్చగా పొడి కడుతుంది. అప్పుడు 18 బయలుదేరినా పైకి 18 చేరదు, ఎల్‌ఎన్‌బీ దాన్ని 13 అనుకుంటుంది. దాంతో ఒక జట్టు ఛానళ్లు మాయమై, రెండో జట్టు చక్కగా వస్తుంటాయి. అందరూ బాక్సును తిట్టుకుంటారు. ఇంకో గుర్తు కూడా ఉంది. జోరువానలో బొమ్మ పోయి, వాన తగ్గగానే తిరిగొస్తే అది ఆకాశం తప్పు. వాన వెలిసి ఎండ కాస్తున్నా బొమ్మ ముక్కలు ముక్కలవుతోందంటే అది చాలావరకు వైరు తప్పే.

నేనూ తెలివైనవాణ్నేం కాదు. ఒకసారి ఇలాగే బాక్సు పోతే, పిలిపించిన మనిషి కొత్తది పెట్టి, పాత వైరునే బిగించి వెళ్లాడు. నేను పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాను. తర్వాతి వానకు కొత్త బాక్సు కూడా అదే దారి పట్టింది. అప్పుడు గానీ డాబా ఎక్కలేదు. కాబట్టి వైరు సంగతి తేలకుండా కొత్త వస్తువేదీ ఆ వైరుకు తగిలించకు.

వైరు చూడటానికి డాబా తడి ఆరాక, మబ్బులు లేనప్పుడు, తోడుగా ఒకరిని పెట్టుకుని వెళ్లు. కనెక్టర్ వెనకాల జానెడు కోసి అల్లిక చూడు. మెరుస్తుంటే మంచిదే. తెల్లటి పొడి గానీ పచ్చదనం గానీ నలుపు గానీ ఉంటే నీరు తిరిగిన చోటే. కొందరు మెరుపు కనపడేదాకా కోసుకుంటూ పోయి, అక్కడ కొత్త కనెక్టర్ వేస్తారు. నీ విషయంలో నేను దానికి ఒప్పుకోను. కింది చివర నీళ్లు కారాయంటే మధ్యలో అంతా తడే. వైరును ఎండబెట్టడం కుదిరే పని కాదు, మొత్తం పారెయ్యి. ఇంకా అనుమానంగా ఉంటే రెండు చివరలూ విప్పేసి, నడిమి తీగకీ అల్లికకీ మధ్య మల్టీమీటర్‌తో నిరోధం కొలువు. మంచి వైరులో అది మీటర్ కొలవలేనంత ఎక్కువగా ఉంటుంది. కొలతకు అందే అంకె పడిందంటే లోపల తడో, ఎక్కడో షార్టో ఉన్నట్టు.

కొత్త వైరు ఆర్‌జీ-6, 75 ఓములది, బయట ఎండకు తట్టుకునే నల్ల తొడుగుది తీసుకో. చేత్తో తిప్పి బిగించే కనెక్టర్ వద్దు. పనిముట్టుతో నొక్కి బిగించేదే వెయ్యించు. దాని మీద తనకు తానే అతుక్కుని ఒక్కటైపోయే రబ్బరు టేపు చుట్టాలి, బాగా సాగదీసి, కింద నుంచి మొదలుపెట్టి పైకి. పెంకులు పరిచినట్టు పై చుట్టు కింది చుట్టును కప్పాలి, లేకపోతే ప్రతి చుట్టూ నీరు నిలిచే గట్టవుతుంది. మామూలు నల్ల టేపు ఎండకు జిగురు వదిలేసి ఊడిపోతుంది. సిలికాన్ పూస్తానంటే వాసన చూడు, పుల్లగా ముక్కుకు ఘాటుగా కొడితే వద్దు. అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది.

ఇవన్నీ చేసినా నమ్మకం పెట్టుకోవాల్సింది వంపు మీద. గోడ రంధ్రంలోకి వెళ్లే ముందు వైరు రంధ్రం కన్నా కిందికి దిగి, మళ్లీ పైకి లేచి లోపలికి పోవాలి. వైరు పైన జారే నీరు ఆ వంపు అడుగున రాలిపోతుంది. రంధ్రం కూడా బయటివైపు కాస్త కిందికి వాలి ఉండాలి. టీవీ వెనకాల కూడా ఇలాంటి వంపు ఒకటి వదులు. మరీ మడత పెట్టకు, లోపలి నురగ నలుగుతుంది. ఈ వంపు తొడుగు మీది నీటికే పనికొస్తుంది సుమా, అల్లికలో దూరిన నీటిని ఆపదు. దాన్ని పైనే ఆపాలి.

ఇక తడిసిన బాక్సు. అది నీ సొంతం కాకపోతే విప్పకు, ఇచ్చినవాళ్లకే తిరిగివ్వు. సొంతమై, అడాప్టర్ విడిగా ఉండేదైతే అడాప్టర్ పీకేశాక మూత తీసి, పిన్ను చుట్టూ ఉన్న పచ్చటి మరకలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, ఫ్యాను గాలికి రెండు మూడు రోజులు వదిలెయ్యి. వేడిగాలి కొట్టకు, అది చుక్కలను ఇంకా లోపలికి తోస్తుంది. టీవీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకు. ప్లగ్గు తీసేసినా, కరెంటును దాచుకునే లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు. టీవీని పడుకోబెట్టకుండా, ఊపకుండా, ఉన్నది ఉన్నట్టే నిలబెట్టి ఉంచు. వంచితే నీళ్లు తెర పొరల మధ్యకు పాకి మరకలు పడతాయి.

తుడవడానికి ముందే అన్నిటికీ ఫోటోలు తియ్యి. వారంటీలు నీటి నష్టాన్ని సాధారణంగా ఒప్పుకోవు, ఇంటి బీమా ఉంటే అడిగి చూడు. ఆదివారం మల్టీమీటర్ తీసుకుని వస్తాను. ఆ కోసిన వైరు ముక్క పారెయ్యకు, నేను చూడాలి.

పెదనాన్న