పుస్తకానికి ఒక వేళ: చెన్నైలో ఉన్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్న లేఖ.

నీ ఉత్తరం అందింది. ఉద్యోగానికని నెల్లూరు వదిలి వేళచ్చేరి హాస్టల్లో చేరినప్పటి నుంచి పుస్తకాలు కొనడం పెరిగిందనీ, చదవడం తగ్గిందనీ, ఈ ఏడాది యాభై పుస్తకాలు పూర్తి చేయాలన్న నీ లెక్క బాగా వెనకబడిందనీ రాశావు. ఆ లెక్క అందుకోవడం కోసం పలచటి పుస్తకాలు ఏరుకుంటున్నానన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఉద్యోగ జీవితమంతా గ్రంథాలయాల్లోనే గడిపినదాన్ని కనుక, బాగా చదివే పిల్లలు చదువుకు దూరమయ్యేది చాలావరకు ఇక్కడే అని నాకు తెలుసు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ యాభై సంఖ్యను విడిచిపెట్టు. ఎన్ని పుస్తకాలన్నదే గురి అయినప్పుడు, ఏ పుస్తకం చదవాలో నీ మనసు కాకుండా ఆ సంఖ్యే నిర్ణయిస్తుంది; ఎనిమిది వందల పుటల నవల భారంగా కనిపిస్తుంది, ఒక్కో పద్యం దగ్గర పావుగంట నిలవవలసిన కావ్యానికి అసలు చోటే ఉండదు. సంఖ్యకు బదులు రోజులో ఒక వేళను పుస్తకానికి కేటాయించు. అరగంట చాలు, కానీ అది ప్రతిరోజూ అదే అరగంట కావాలి. అరగంటకు పదిహేను పుటలే నడిచినా ఏడాదికి అయిదు వేల పైచిలుకు పుటలవుతాయి. ఇది నీకు ధైర్యం కలగడానికి చెబుతున్నానే గాని, మళ్లీ లెక్క పెట్టుకోవడానికి కాదు. ఏ రోజైనా ఆ వేళ తప్పిపోతే మరునాడు గంట చదివి బాకీ తీర్చాలని చూడవద్దు. బాకీ అనుకున్న నాటి నుంచి చదువు మీద విసుగు మొదలవుతుంది.

ఆ అరగంట పొద్దున ఉంటే మంచిదని నా అభిప్రాయం. రాత్రి పడుకోబోయే ముందు చదవడం ఎందరికో అలవాటే గాని, పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునే నీలాంటి వారికి అది అంతగా నప్పదు. తెర అయినా కాగితమైనా కంటికి దగ్గరి చూపే కనుక, పుస్తకం తెరిస్తే కళ్లకు విశ్రాంతి దొరుకుతుందనుకోవద్దు. నడుమ నడుమ తలెత్తి కిటికీలోంచి దూరంగా చూస్తూ ఉండు. నీ గదిలో మరో ఇద్దరు ఉంటారని రాశావు కనుక, వాళ్లు లేవకముందే, స్నానాల గది దగ్గర వరుస మొదలు కాకముందే, వరండాలోనో మేడమీదనో కూర్చో. ఫోన్ గదిలోనే ఉంచి వెళ్లు. చేతికందేంత దూరంలో ఫోన్ ఉంటే అరగంటలో పది నిమిషాలు కూడా మిగలవు. కంపెనీ బస్సులో తల తిరుగుతుందన్నావు కదా, అక్కడ చదవాలని పట్టు పట్టవద్దు.

ఆదివారాల సంగతి వేరు. నీవున్న చోటు నుంచి ఎం.ఆర్.టి.ఎస్. రైలెక్కితే కోట్టూర్‌పురం స్టేషనుకు దగ్గరలోనే 2010లో ప్రారంభమైన అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది. అక్కడ మన పుస్తకాలు మనం తీసుకువెళ్లి చదువుకోవడానికి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది; హాస్టల్ సందడి నుంచి బయటపడాలనుకునే వారికి అంతకంటే మేలైన చోటు నాకు తెలియదు. ప్రాచ్య లిఖిత గ్రంథాలయం కూడా ఆ భవనంలోనే ఉంది. అందులో తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌన్ దొర, కంపెనీ కాలపు సర్వే అధికారి మెకంజీ సేకరించిన తెలుగు తాళపత్రాలు, ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు భద్రంగా ఉన్నాయి. ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం చూడకుండా మాత్రం ఉండవద్దు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకానికీ ఒక కాపీ అందుకోవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. కొట్లలో దొరికేవి అక్కడ చదవవద్దు. మళ్లీ అచ్చు కాని పాత తెలుగు పుస్తకాల పేర్లు ముందే రాసుకుని వెళ్లి అడుగు.

అదే రైలులో ఇంకొంత ముందుకు వెళ్లి తిరుమయిలై స్టేషనులో దిగితే లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు ఉంటుంది. ఆంధ్రపత్రికను 1914లో ఈ ఊరికి తెచ్చి దినపత్రికగా నడిపిన, 1924లో భారతి మాసపత్రికను ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరది. వావిళ్లవారి ముద్రణాలయం 1854లో వెలసిందీ, చందమామ 1947లో మొదలైందీ ఈ ఊళ్లోనే. పరాయి ఊరికి వచ్చి తెలుగు చదువుకు దూరమయ్యానని రాశావే, నీవు వచ్చింది పరాయి ఊరికి కాదని తెలియాలనే ఇదంతా చెబుతున్నాను.

తెలుగు చదవడంలో వేగం లేదని బాధపడ్డావు. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న వారందరికీ ఉన్న ఇబ్బందే ఇది, దీనికి మార్గం కూడా కష్టమైనది కాదు. మొదటి రెండు నెలలు చిన్న కథలే తీసుకుని పైకి చదువు. కంటికి పట్టుబడని పొడుగు వాక్యం చాలాసార్లు చెవికి పట్టుబడుతుంది. క్రియ చివర వచ్చే మన భాషలో వాక్యాన్ని చివరిదాకా మోయగల ఓపిక పైకి చదివితేనే అలవడుతుంది. తెలియని మాట వచ్చిన ప్రతిసారీ ఆగిపోకుండా పెన్సిలుతో చిన్న గీత గీసి, కథ పూర్తయ్యాక నిఘంటువు చూడు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో శబ్దరత్నాకరంతో పాటు బ్రౌన్ నిఘంటువు కూడా వెతుక్కోవచ్చు. గ్రాంథికంలో ఉన్న పుస్తకాలను ఇప్పుడే మొదలుపెట్టకు.

కొనుగోలు విషయం క్లుప్తంగా చెబుతాను. చేతిలో చదవనివి మూడు మించి ఉన్నప్పుడు కొత్తది కొనవద్దు. జనవరి ప్రాంతంలో జరిగే చెన్నై పుస్తక ప్రదర్శనలో పది శాతం తగ్గింపు ఇస్తారని చేతికందినవన్నీ తీసుకోకుండా జాబితాతో వెళ్లు. అక్కడ తమిళ పుస్తకాలే ఎక్కువ గనుక, తెలుగు వాటికి అదే రోజుల్లో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవం మేలు. పేవ్‌మెంటు మీద పాత పుస్తకం కొనేటప్పుడు పుటలన్నీ ఉన్నాయో లేదో చివరిదాకా తిప్పి చూడు. పురుగు తిన్న రంధ్రాలు ఉంటే ఎంత చవకైనా వదిలేయి, ఆ పురుగు మిగతా పుస్తకాలకు పాకుతుంది. నచ్చని పుస్తకాన్ని మొహమాటంతో చివరిదాకా లాక్కురావలసిన పని లేదు, కానీ పక్కన పెట్టే ముందు ఎందుకు నచ్చలేదో నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయి. నచ్చినదాని గురించి ఇంకా ఎక్కువ రాయి. స్నేహితులకు ఇచ్చిన పుస్తకాల పేర్లు, తేదీలు కూడా అందులోనే రాసి పెట్టుకో.

చివరగా, అన్నిటికంటే తొందరగా చేయవలసిన పని ఒకటుంది. నీ గది కింది అంతస్తులో ఉంది. వేళచ్చేరి పల్లపు ప్రాంతం. 2015 డిసెంబరులోనూ, 2023లో మిచౌంగ్ తుపాను అప్పుడూ అక్కడి వీధుల్లోకి నీళ్లు వచ్చాయి. ఈశాన్య రుతుపవనం అక్టోబరులో మొదలవుతుంది కనుక, ఆ లోగానే అలమర కింది అరలో పుస్తకాలన్నీ పైకి మార్చు. అలమరను గోడకు ఆనించకుండా బెత్తెడు ఎడంగా జరుపు, లేకపోతే చెమ్మకు అట్టలు బూజు పడతాయి. ఒకవేళ ఏదైనా తడిస్తే ఎండలో పెట్టవద్దు, కాగితం ముడుచుకుపోతుంది. పుటల మధ్య అక్కడక్కడ తెల్ల కాగితాలు పెట్టి, వాటిని మారుస్తూ ఫ్యాను గాలికి ఆరబెట్టు. దసరా సెలవులకు నీవు నెల్లూరు వచ్చేటప్పుడు, ప్రస్తుతానికి అవసరం లేని పుస్తకాలను ఒక పెట్టెలో సర్ది వెంట తెచ్చెయ్యి. నా గదిలో రెండు అరలు ఖాళీ చేసి ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ