స్టార్ కాకపోయినా టీమ్ దొరుకుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. చదువులో ఫర్వాలేదు గానీ బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. "స్టార్ కాకపోతే ఏం, ఏదో ఒక టీమ్‌లో ఆడతా. వాళ్లు వద్దంటే ఇంకో దేశం వెళ్తా. అలా ఆడుతూనే బతికేవాళ్లు చాలామంది ఉన్నారు" అంటున్నాడు. ఇది నిజంగా ఒక ఉద్యోగమేనా? వాణ్ణి ఆపాలా, పంపాలా?

జవాబు: అమ్మా, మీవాడు చెప్పినలాంటి ఆటగాళ్లు నిజంగానే ఉన్నారు. జర్నీమన్ ప్లేయర్లు అంటారు వాళ్లని. ఏటా టీమ్ మారుతూ, అవసరమైతే దేశమే మారుతూ, ముప్ఫై దాటేదాకా ఆడేవాళ్లు. అది ఉద్యోగమే. కాకపోతే మీవాడు దాన్ని పెద్ద పరీక్ష తప్పితే దొరికే చిన్న సీటు లెక్కన చూస్తున్నట్టుంది. ఆ చిన్న సీటు కోసమే తొక్కిసలాట ఎక్కువ.

అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ లెక్కే చూడండి. 30 టీములు. ఒక్కో టీమ్‌కి 15 రెగ్యులర్ కాంట్రాక్టులు, 2023-24 నుంచి వాటిపైన మూడు టూ-వే కాంట్రాక్టులు (ఎన్‌బీఏకీ దాని కింది లీగ్‌కీ మధ్య తిరిగేవాళ్లకి). అన్నీ కలిపితే 540. ప్రపంచం మొత్తానికీ అంతే. డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, ఏటా తీసుకునేది 60 మందికి మించదు. అమెరికా కాలేజీ ఆటలో డ్రాఫ్ట్‌కి అర్హత వచ్చినవాళ్లలో ఎంపికయ్యేది నూటికి ఒకరు, అటూ ఇటూగా.

ఇష్ స్మిత్ అనే ఆటగాడి గురించి మీవాడికి తెలిసే ఉంటుంది. ఆరడుగుల మనిషి. 2010 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అయినా 13 ఎన్‌బీఏ టీములకు ఆడాడు, అది రికార్డు. పదమూడో టీమ్ డెన్వర్‌తో 2023లో చాంపియన్‌షిప్ కూడా గెలిచాడు. పదమూడు టీములంటే "పాపం, ఎక్కడా నిలవలేదు" అనిపిస్తుంది. కానీ అన్నిసార్లు ఎవరో ఒకరు "ఇతను మాకు కావాలి" అనుకున్నారు. మీవాడు పడాల్సిన కష్టం అదే: ఒకసారి ఉద్యోగం సంపాదించడం కాదు, ప్రతి ఏడూ మళ్లీ సంపాదించడం. 1995 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన జో స్మిత్ కూడా 12 టీములు తిరిగాడు. అంటే ఇది చిన్న ఆటగాళ్లకే రాసిపెట్టిన బతుకు కూడా కాదు.

డబ్బు విషయానికొద్దాం. ఎన్‌బీఏ కింద జీ లీగ్ ఉంది. 2018-19లో అక్కడ సీజన్ జీతం 35,000 డాలర్లు. తర్వాత కొంత పెరిగింది, మరీ ఎక్కువేం కాదు. ఎన్‌బీఏలో 2023-24లో కొత్త ఆటగాడి కనీస జీతం సుమారు 11.2 లక్షల డాలర్లు, టూ-వే కాంట్రాక్టు వాళ్లకు అందులో సగం. జనవరి నుంచి పది రోజుల కాంట్రాక్టులు కూడా ఇస్తారు. ఆ ఏడాది కొత్తవాడికి పది రోజులకు వచ్చింది దాదాపు 64,000 డాలర్లు. కింద లీగ్‌లో సీజన్ అంతా ఆడినా అంత రాదు. అందుకే ఫోన్ పక్కన పెట్టుకుని ఏళ్ల తరబడి అక్కడే కూర్చునేవాళ్లు కనిపిస్తారు. ఒకే టీమ్ ఒకే ఆటగాడికి ఒక సీజన్‌లో ఇలాంటివి రెండే ఇవ్వగలదు. ఆ తర్వాత మిగతా సీజన్‌కి సంతకం చేయించుకోవాలి, లేదంటే వదిలేయాలి. మామూలుగా రెండోదే జరుగుతుంది.

ఆండ్రే ఇంగ్రమ్ అలా పదేళ్లు ఎదురుచూశాడు. 2018 ఏప్రిల్ 10న, 32 ఏళ్ల వయసులో, లేకర్స్ తరఫున మొదటి ఎన్‌బీఏ మ్యాచ్ ఆడి 19 పాయింట్లు కొట్టాడు. ఈ కథ పిల్లలకు చాలా నచ్చుతుంది. నాకు మాత్రం అతను ఫిజిక్స్ డిగ్రీ ఉన్నవాడు, లెక్కల ట్యూషన్లు చెప్పుకున్నవాడు అన్న సంగతే ముఖ్యం. అన్నాళ్లు ఎదురుచూడాలంటే చేతిలో ఇంకో పని కూడా ఉండాలి మరి.

జర్నీమన్ బతుకులో ఎక్కువ భాగం అమెరికా బయటే గడుస్తుంది. స్పెయిన్, టర్కీ, ఇటలీ, గ్రీస్, జర్మనీ, ఇజ్రాయెల్, చైనా, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియా. దాదాపు ప్రతిచోటా విదేశీ ఆటగాళ్లకు పరిమితి ఉంటుంది. టీమ్‌కి ఇద్దరో ముగ్గురో, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ. ఆ కొద్దిమందినీ ఇంపోర్ట్ అంటారు, వాళ్ల మీద ఆశలూ ఎక్కువే. నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడితే ముందు ఇంటికి పంపేది కోచ్‌ని, లేకపోతే ఇంపోర్ట్‌నే. నిబంధనలూ చిత్రంగా ఉంటాయి. కొరియా లీగ్ 2018-19లో రెండు మీటర్లు దాటిన విదేశీయులు వద్దంది, మరుసటి ఏడాదే ఆ రూల్ ఎత్తేసింది. పొడుగు ఎక్కువైందని ఉద్యోగం పోయే ఆట ఇదొక్కటేనేమో!

విదేశీ క్లబ్బులు చాలావరకు జీతంతో పాటు ఇల్లు, విమాన టికెట్లు, ఒక్కోసారి కారు ఇస్తాయి. సీజన్ ఎనిమిది నుంచి పది నెలలు. జీతాలు ఆలస్యం కావడం మాత్రం మామూలు సంగతి. క్లబ్ డబ్బు ఎగ్గొడితే పరాయి దేశపు కోర్టు చుట్టూ తిరగడం ఎవరివల్లా కాదు. అందుకోసమే బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ ఉంది. ప్రపంచ సమాఖ్య ఫీబా 2007లో స్విట్జర్లాండ్‌లో పెట్టింది. తీర్పు వచ్చాక కూడా కట్టని క్లబ్ కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫీబా ఆపగలదు, కాబట్టి క్లబ్బులకు భయం ఉంటుంది. కానీ వివాదం వస్తే ఆ ట్రిబ్యునల్‌కే వెళ్తామని కాంట్రాక్టులో రాసి ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేని కాగితం మీద మీవాడు ఎప్పుడూ సంతకం పెట్టకూడదు. గాయమైతే జీతం ఆగుతుందా, ఆపరేషన్ ఖర్చు ఎవరిది, క్లబ్ మధ్యలో తీసేస్తే ఎంత ఇవ్వాలి, జీతం పన్ను పోను చెప్పిందా పన్నుతో కలిపా, ఇవన్నీ చదవడం నేర్పండి. మూడు పాయింట్ల షాట్ ఎంత ప్రాక్టీస్ చేస్తాడో ఇదీ అంత చేయాలి.

ఏజెంట్ సంగతి కూడా. ఎన్‌బీఏ కాంట్రాక్టులో ఏజెంట్ వాటా 4 శాతం మించకూడదు. బయటి దేశాల్లో మామూలుగా పది శాతం దాకా ఉంటుంది, అది కూడా చాలాసార్లు క్లబ్బే కడుతుంది. ముందే ఫీజు అడిగేవాణ్ణి నమ్మకండి. డబ్బు కట్టించుకుని "స్కౌట్లు (టీముల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లు) వస్తారు" అని చెప్పే క్యాంపులంటే కూడా నాకు అనుమానమే.

ఇక అసలు ప్రశ్న, మీవాడు దీనికి పనికొస్తాడా అని. పి.జె. టకర్‌ని చూడమనండి. ఎత్తు 6 అడుగుల 5 అంగుళాలు, మీవాడికి దగ్గరే. కాలేజీలో పెద్ద స్కోరర్, తన కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపులో, ఆ ఏడాది ఉత్తమ ఆటగాడు. 2006లో టొరంటో తీసుకుంది, మొదటి సీజన్ పూర్తికాకుండానే వదిలేసింది. ఆ తర్వాత అయిదేళ్లు ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ తిరిగాడు. 2012లో ఫీనిక్స్‌తో తిరిగొచ్చినప్పుడు అతన్ని స్కోరర్‌గా ఎవరూ పిలవలేదు. ఎదుటి టీమ్‌లో గట్టివాణ్ణి అడ్డుకోవడం, మూలన నిలబడి మూడు పాయింట్ల షాట్ వేయడం, ఆ రెండు పనుల మీదే నిలబడ్డాడు. 2021లో మిల్‌వాకీతో చాంపియన్ అయ్యాడు. తన ఊళ్లో, తన కాలేజీలో అందరికంటే బాగా ఆడినవాడు బంతి తన చేతికి రాని ఆటని ఇష్టంగా ఆడటం చాలా కష్టం. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఎత్తూ ఎగరడమూ సరిపోక ఆగేవాళ్లు అంతకన్నా తక్కువ.

ఇంటి సంగతులు మీకు నేను చెప్పాలా? పండగలకు ఉండడు. వేసవి అంతా కాంట్రాక్టు వస్తుందా రాదా అని టెన్షన్. పెళ్లయితే భార్యాపిల్లలు వెంట తిరగాలి, లేదా ఏడాదిలో ఎక్కువ భాగం విడిగా ఉండాలి. ముప్ఫై అయిదు వచ్చేసరికి మళ్లీ మొదటి నుంచి.

నా సలహా: ఆపకండి, గడువు పెట్టండి. డిగ్రీ పూర్తయ్యేలా, ఆట కూడా గట్టిగా సాగేలా ఉండే కాలేజీ చూడండి. అక్కడ ఉన్నంతకాలం ఖర్చు మీది. డిగ్రీ తర్వాత రెండు సీజన్లు. ఆ రెండింట్లో ఏ దేశంలోనైనా సరే, ఏ డివిజన్ అయినా సరే, ఒక క్లబ్ జీతమిచ్చి ఆడించుకుంటే ఇంకో రెండేళ్లు. ఎవరూ ఇవ్వకపోతే ఆటని సాయంత్రాలకు పెట్టుకుని, డిగ్రీని పనిలో పెట్టాలి. కోచింగ్, ఫిజియోథెరపీ, వీడియో విశ్లేషణ లాంటి దారులు ఆటను వదలకుండానే ఉన్నాయి. ఈ గడువు గురించి ఇప్పుడే, వాడు కూడా ఒప్పుకునేలా మాట్లాడుకోండి. ఇరవై మూడేళ్లకు చెబితే శిక్షలా వినిపిస్తుంది.

ఈ వారంలో మీరు చేయగలిగింది ఒకటుంది. వాళ్ల కోచ్‌ని కలిసి, మీవాడు లేనప్పుడు అడగండి: "వీడికంటే బాగా స్కోర్ చేసేవాళ్లు ముగ్గురున్న టీమ్‌లో వీణ్ణి ఎందుకు ఉంచుకోవాలి?" అని. డిఫెన్సో, రీబౌండో, పాసో, ఏదో ఒకటి కోచ్ వెంటనే చెప్పగలిగితే ఇప్పటి నుంచి దాని మీదే పని చేయించండి. "మంచి కుర్రాడు, బాగా కష్టపడతాడు" అని ఆగిపోతే, కాలేజీ ఎంచుకునేటప్పుడు చదువువైపు కాస్త ఎక్కువ మొగ్గండి.