సినిమా కన్నా ఆ మాత్ర గురించే ఆందోళన

ప్రశ్న: నా వయసు 34. ‘హెన్రీ: పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ సీరియల్ కిల్లర్’ చూసి మూడు వారాలైంది. కొందరు విమర్శకులు దాన్ని గొప్ప చిత్రమన్నారు, కొందరు చూడలేకపోయామన్నారు. నాకు మాత్రం అప్పటి నుంచి నిద్ర లేదు. మా అన్నయ్యకు డాక్టర్ రాసిన, ఆందోళన తగ్గించే అల్ప్రాజొలామ్ మాత్ర 0.5 మి.గ్రా. రోజూ రాత్రి వేసుకుంటున్నాను. నా మనసు బలహీనమైనదా?

జవాబు: కాదు. 1986లో తొలిసారి ప్రదర్శించిన ఆ చిత్రానికి అమెరికాలో ‘ఎక్స్’ (పెద్దలకు మాత్రమే) రేటింగ్ ఇచ్చారు. 1990 దాకా అది థియేటర్లలో విస్తృతంగా విడుదల కాలేదు. ఒక కుటుంబాన్ని చంపిన దృశ్యాన్ని హంతకులు సోఫాలో కూర్చుని టీవీలో చూస్తుంటే, వాళ్లతోపాటు మనమూ చూస్తాం. సినిమాలు చూడడమే వృత్తిగా ఉన్నవారే దాని మీద ఏకాభిప్రాయానికి రాలేదంటే, మీరు కలత చెందడంలో వింత లేదు. పైగా ‘నిజంగా జరిగింది’ అనుకున్నదాన్ని మనసు అంత తొందరగా వదలదు. ఆ కథకు ఆధారమైన హెన్రీ లీ లూకాస్ వందల హత్యలు చేశానని ఒప్పుకుని, తర్వాత మాట మార్చిన మనిషి కనుక, తెరమీద చూసిందంతా జరిగిందని అనుకోనక్కర్లేదు.

నన్ను కలవరపెడుతున్నది ఆ మాత్ర. మీ అన్నయ్యకు ఏ జబ్బుకు, ఎన్నాళ్లకు రాశారో మీరు రాయలేదు. అది మీకు రాసిన మందు కాదన్నది మాత్రం స్పష్టం. అల్ప్రాజొలామ్‌ను కొన్ని వారాలు వరుసగా వాడినా శరీరం దానికి అలవాటు పడవచ్చు, మానిన రాత్రి నిద్రలేమి మునుపటికన్నా ఎక్కువగా తిరిగి రావచ్చు. దాన్ని సినిమా ప్రభావమనుకుని మరో మాత్ర వేసుకునేవారిని నేను తరచూ చూస్తుంటాను. మద్యంతో గానీ, మత్తు కలిగించే ఇతర మందులతో గానీ కలిస్తే శ్వాస మందగించే ప్రమాదం ఉంది. అలాగని ఇది చదివి ఈ రాత్రే ఒక్కసారిగా మానేయకండి, ఎందుకంటే కొందరిలో వణుకు, అరుదుగా మూర్ఛ కూడా రావచ్చు. మోతాదు ఎలా తగ్గించాలో మిమ్మల్ని చూసిన వైద్యుడే నిర్ణయించాలి. మూడు వారాలు ఆగకుండా మొదటి వారంలోనే వెళ్లి ఉండాల్సింది.

ఈలోగా రోజూ ఒకే వేళకు లేవండి, మధ్యాహ్నం తర్వాత కాఫీ మానండి, నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి మసక వెలుతురులో కూర్చోండి. ఆ చిత్రం గురించిన సమీక్షలు, వీడియోలు రాత్రిపూట చూడడం ఆపండి. గతంలో మీరు స్వయంగా హింసకు గురై ఉంటే, లేదా బతకాలనిపించకపోతే, ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోకుండా వెంటనే మానసిక వైద్యుణ్ణి కలవండి. మిమ్మల్ని పరీక్షించకుండా ఇంతకన్నా కచ్చితంగా చెప్పడం సరికాదు. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి, ఎన్ని వాడారో వైద్యుడికి తెలియాలి.